పక్కింటి నంబరు కూడా రాసుకోండి

బిలాస్‌పూర్‌లో తోర్వా వైపు మన తెలుగువాళ్ళంతా కులాసాయేనా? నెహ్రూ నగర్‌లో కొత్త ఇళ్ళు కట్టుకుని వెళ్ళినవాళ్ళకి అక్కడి గాలీ నీరూ పడ్డాయా? వానలు వెళ్ళాక ఇంటింటికీ జ్వరాలని విన్నాను, పిల్లలు కోలుకున్నారా? తార్‌బహార్‌లో మా వీధి చివరి రైలు గార్డుగారికి కంటి ఆపరేషన్ అయింది, కట్టు విప్పారో లేదో తెలియలేదు. మోకాళ్ళ నొప్పులున్న వదినలందరూ ఎలా ఉన్నారు? షుగరున్నవాళ్ళు మందులు మానకుండా వేసుకుంటున్నారా? గుండెకి స్టెంటు వేయించుకున్నవాళ్ళు ఇది చదివేముందు కూర్చోండి. ఇంట్లో ఒక్కరే ఉంటే పక్కింటివాళ్ళని పిలుచుకుని చదవండి.

పక్కన మనిషి ఉన్నారా? అయితే చెబుతాను. మన ఎంక్వైరీ అప్ప పోయింది.

పొద్దున్న స్నానానికని వెళ్ళి అక్కడే పడిపోయింది. గడియ వేసుకోవద్దని నేను పోరగా పోరగా గడియ మానేసింది, అందుకని తలుపు విరగ్గొట్టే పని లేకపోయింది. అంతకుమించి నా పోరు ఎందుకూ పనికిరాలేదు. ఆటోలో ఎక్కించేసరికే చెయ్యి చల్లబడింది. డాక్టరు బయటికి వచ్చి మా ఆయన భుజం మీద చెయ్యి వేశాడు. ఆమె మొబైలు బకెట్లో పడి తడిసి, అదీ పలకడం మానేసింది.

కొత్తగా ఈ ఊరు వచ్చి బ్యాంకుల్లో, బొగ్గు ఆఫీసుల్లో పనిచేస్తున్న పిల్లలకి ఆమె తెలియకపోవచ్చు. మా విజయనగరం, శ్రీకాకుళం వైపు అక్కని అప్ప అంటాం. నాకు తోడబుట్టింది కాదు, పక్క క్వార్టరు మనిషి. ఆమె నాన్న ఇక్కడి రైలు షెడ్డులో ఫిట్టరు. ఆమె టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో ఎంక్వైరీ సీటులో పనిచేసింది. ఇప్పటి పిల్లలకి ఎంక్వైరీ అంటే స్టేషన్లో బండి ఎప్పుడొస్తుందని అడిగే కిటికీ. ఇది వేరు. అప్పట్లో ఎవరి నంబరైనా కావాలంటే ఫోనులో మూడంకెలు తిప్పేవాళ్ళం. అవతల ఒక ఆడమనిషి పలికేది. పేరూ పేటా చెబితే లావుపాటి పుస్తకం తిరగేసి నంబరు చెప్పేది. పుస్తకం అచ్చయ్యాక మారిన నంబర్లు చీటీల మీద వచ్చేవి, వాటిని ఆ పేజీల్లోనే అతికించేవారు. చివరికి పుస్తకం ఉబ్బిన పూరీలా తయారయ్యేదని అప్ప చెప్పేది.

ఆమెకి పెళ్ళి లేదు. తల్లి పోయాక చెల్లెల్ని తనే పెంచి, ఖడగ్‌పూర్ వర్క్‌షాపులో పనిచేసే మన తెలుగు అబ్బాయికి ఇచ్చి చేసింది. ఆ మరిది పోయి కొన్నేళ్ళయింది. చెల్లెలు కొడుకు దగ్గరుంటుంది. కొడుకు డ్యూటీకి వెళితే ఇంట్లో ఒక్కతే. గుండెజబ్బు మనిషి. అప్ప నాతో ఎన్నిసార్లు అందో: “ఒలే, నానెల్లిపోతే దానికి ఫోన్లో సెప్పీకండి. పక్కన మనిసి నేకుండా అసలే సెప్పకండి. అదీ నా ఎనకాలే వచ్చేస్తది.”

“అయితే నంబరు నాకివ్వు అప్పా” అనేదాన్ని.

“ఇస్తే రోజూ దానికి ఫోన్ చేసి ఊపిరి ఆడతందా అని అడుగుతావు. బాగున్న మనిసిని నువ్వే సంపేస్తావు. ఇవ్వను” అనేది, నవ్వేది.

ఆమె మొబైల్లో ఎవరి పేరూ రాసి ఉండేది కాదు. పేరు రాసుకుంటే బుర్ర బద్ధకిస్తుందనేది. నంబర్లన్నీ తలలోనే పెట్టుకుంది, తలతో పాటే తీసుకుపోయింది.

ఇక నా భయం అర్థం చేసుకోండి. అప్ప ప్రతి సాయంత్రం దీపం పెట్టాక చెల్లెలికి ఫోన్ చేసేది. ఆ సాయంత్రం ఫోన్ రాకపోతే ఆవిడే చేస్తుంది. చేస్తే స్విచాఫ్ అని వస్తుంది. ఆ ఇంట్లో ఒంటరిగా కూర్చుని ఆ మాట మళ్ళీ మళ్ళీ వింటుంది. దీపాల వేళ కాకముందే ఆవిడ దగ్గరికి ఒక మనిషి చేరాలి. ఎవరో, ఎక్కడో, ఏ నంబరో మాకు తెలియదు. కొడుకుని అప్ప “బాబు” అనేది, అసలు పేరు ఎవరం ఎరగం.

“ఆ మరిది పేరేటి?” అన్నారు మా ఆయన. గూడ్సు ఇంజన్లు నడిపి నడిపి ఆయనకి చెవులు సరిగ్గా వినిపించవు, అందుకని గట్టిగా చెప్పాలి.

“ఎస్. రావు.”

“ఖడగ్‌పూర్లో ఎస్. రావంటే, గంపెడు ఆవాల్లో ఒక్క గింజ ఏరినట్టే” అన్నారు.

ఆ మాట సంగతి చెప్పాలి. మనకి ఇంటిపేరు ముందు, పేరు వెనక. ఇక్కడివాళ్ళకి చివర ఉన్నదే ఇంటిపేరు. అందుకని మన అప్పారావులూ సూర్యారావులూ సింహాచలం పక్కన రావు చేర్చుకున్నవాళ్ళూ అందరూ ఆ పుస్తకంలో రావు అనే ఒక్క ఇంటిపేరు కింద బారులు తీరి కూర్చున్నారు. ఒక హిందీ ఆవిడ అప్పని నిజంగానే అడిగిందట, “మీ రావుగారి కుటుంబం ఇంత పెద్దదా, అందరూ ఒక తల్లి బిడ్డలేనా?” అని. అప్ప, “రైలు తల్లి బిడ్డలం” అందట. ఇక ఆడవాళ్ళు ఆ పుస్తకంలో లేనేలేరు. మొగుడు పోయినా ఫోను ఆయన పేరు మీదే మోగుతుంటుంది.

ఈ రావుల గొడవ నా నెత్తిన ఒకసారి పడింది. పిల్లలు చిన్నప్పుడు. మా ఇంటికి ఫోను కొత్త, పుస్తకంలో మా ఆయన కూడా ఎ. రావే. మా ఆయన గూడ్సు బండి తీసుకుని వెళ్ళారు, పిల్లలు బడిలో, నేను పొయ్యి మీద పప్పు పెట్టాను. ఫోను మోగితే చెడ్డ కబురేనని నాకు మొదటి నుంచీ భయం. తీశాను. ఎవరో మగగొంతు.

“ఎ. రావ్ కా ఘర్ హై? ఉన్‌కో అస్పతాల్ లే గయే హైఁ. దిల్ కా దౌరా పడా హై. జల్దీ ఆయియే.”

గుండెపోటని చెప్పి పెట్టేశాడు. ఏ ఆసుపత్రో చెప్పలేదు. నాకు కంఠతా వచ్చిన నంబరు ఎంక్వైరీది ఒక్కటే. అదే తిప్పాను. ఎవరో హిందీ ఆవిడ తీసింది. నేను తెలుగులోనే అరిచాను. ఆవిడకి మాట తెలియలేదు గానీ గొంతు తెలిసింది. “తుమ్హారా కోయీ హై”, మీవాళ్ళెవరో అని పక్క సీటులో ఉన్న అప్పకి ఇచ్చింది.

“ఏటే, ఏటయింది?”

చెప్పాను. ఏం చెప్పానో నాకే తెలియదు.

“పొయ్యి మీద ఏటుంది?”

“పప్పు.”

“పొయ్యి ఆర్పీ. ఈది తలుపు తీసి పెట్టు. గుమ్మంలో కూకో, ఎక్కడికీ కదలకు. నాను కనుక్కుంటాను.”

పొయ్యి ఆర్పి గుమ్మంలోకి వచ్చేసరికి ఎదురింటావిడ తడిచేతులతో పరిగెత్తుకొస్తోంది. అప్ప ఆమెకి ఫోన్ చేసి పంపింది. కాసేపటికి కబురు కూడా ఎదురింటికే చేసింది, నన్ను అక్కడికి పిలిపించి మాట్లాడింది.

“మీ ఆయన కాదే. ఆ బండి ఇంకా దారిలోనే ఉంది, రైళ్ళ కంట్రోల్లో అడిగేను. ఈయన కేరేజీ షెడ్డు ఎ. రావు. మీ ఎనక లైన్లో క్వార్టరు. ఆళ్ళకి ఫోన్ నేదు, పుస్తకంలో ఎ. రావంటే మీదే దొరికింది.”

నాకు నవ్వు వచ్చేసింది. గట్టిగా, పిచ్చిదానిలా నవ్వాను.

“నవ్వకే” అంది అప్ప. “ఆవిడకింకా తెలీదు.”

ఆ మాట ఇప్పటికీ నా వీపు మీద చన్నీళ్ళు పోసినట్టే ఉంటుంది.

“నువ్వెల్లి ఆవిడ పక్కన కూకో. కబురు నువ్వు సెప్పకు, నీకు సెప్పడం రాదు. ఊరికే కూకో. షెడ్డు నుంచి పెద్దమనిసిని పంపిస్తన్నారు.”

వెళ్ళాను. ఆవిడ పెరట్లో గుమ్మడి వడియాలు పెడుతోంది. నన్ను చూసి ఆశ్చర్యపోయింది. మాకు పెద్ద పరిచయం లేదు.

“ఏటి వదినా, ఈ ఎండలో ఇలాగొచ్చేరు?”

“ఊరికే. వడియాలు ఎలా పెడతారో చూద్దామని.”

ఆవిడ సంబరపడింది. కాయ ముదురుదై ఉండాలంది, ముక్కల్లో ఉప్పేసి రాత్రంతా నీళ్ళు ఓడ్చాలంది. మజ్జిగ ఇచ్చింది. నేను తాగలేక, తాగకపోతే ఏమనుకుంటుందో అని గ్లాసు రెండు చేతులతో పట్టుకు కూర్చున్నాను. ఆవిడ మాట్లాడుతుంటే నేను వీధి వైపే చెవి పెట్టాను. సైకిలు చప్పుడైతే చాలు, సగం లేచి మళ్ళీ కూర్చునేదాన్ని. ఆవిడ ఇంకా నవ్వుతోంది, ఇంకా పిండి వేస్తోంది. తెలియని మనిషి పక్కన తెలిసి కూర్చోవడం కన్నా భయం ఇంకొకటి లేదు. షెడ్డు పెద్దమనిషి గుమ్మంలోకి వచ్చి టోపీ తీశాడు. ఆవిడ అతన్ని చూడలేదు, నన్ను చూసింది. నేను ఎందుకొచ్చానో అప్పుడు అర్థమైంది ఆవిడకి. నా చెయ్యి పట్టుకుంది. పిండితో ఉన్న వేళ్ళు. వాళ్ళాయన ఆసుపత్రికి చేరకముందే పోయారట.

సాయంత్రం అప్ప డ్యూటీ దిగి తిన్నగా అక్కడికే వచ్చింది. తర్వాత మా ఇంటి అరుగు మీద కూర్చుని, “ఆళ్ళింట్లోనే ఫోనుండి, అది ఆవిడకే తగిలుంటే? ఒక్కతీ ఉన్నప్పుడు?” అంది. ఎవరినీ అడిగినట్టు కాదు, తనలో తను అనుకున్నట్టు.

ఆ తర్వాత ఒకసారి ఆమె టిఫిన్ డబ్బా మరిచిపోతే ఎక్స్ఛేంజీకి తీసుకెళ్ళాను. గేటు దగ్గర బంట్రోతు ఎరిగినవాడు, లోపలికి పంపాడు. వరసగా కూర్చున్న ఆడవాళ్ళు, చెవులకి తగిలించుకున్న ఫోన్లు, తిరుగుతున్న పేజీలు. అప్ప పల్లెవాళ్ళతో “కా నావ్ హే? కౌన్ గాఁవ్?” అని వాళ్ళ మాటలోనే పేరూ ఊరూ అడిగేది. నంబరు జంట జంటగా చెప్పి, తిరిగి చెప్పించుకునేది. చెప్పలేకపోతే విసుక్కోకుండా మళ్ళీ చెప్పేది. ఎవరో మగమనిషి ఒక నంబరు చెప్పి, ఇది ఎవరిదో చెప్పమని బతిమాలుతున్నాడు. “నహీఁ భాయ్‌సాబ్” అని తీసేసింది.

“చెబితే ఏం పోయింది అప్పా?” అన్నాను.

“పేరుకి నంబరిస్తాను. నంబరుకి పేరివ్వను. దాక్కున్నోళ్ళు కూడా మనుసులేనే.”

ఇంకెవరో ఫోన్ చేశారు. నాకు మాట వినిపించలేదు గానీ అప్ప ముఖం మారింది, గొంతు మెత్తబడింది. నంబరు చెప్పింది. చెప్పి, పేజీ మీద వేలు కిందికి జరిపి, “పడోసీ కా నంబర్ భీ లిఖ్ లీజియే” అంది. పక్కింటి నంబరు కూడా రాసుకోండి అని. అదే వీధిలో ఇంకొక ఇంటి నంబరు ఇచ్చి, “పెహలే యహాఁ కీజియే” అని, ముందు ఇక్కడికి చేయమని చెప్పింది. అడిగినవాళ్ళు ఎందుకని అడగలేదు. వాళ్ళకి తెలుసు.

గొంతు వణికిన ప్రతివాళ్ళకీ ఆమె అలాగే ఇచ్చేదని మిగతావాళ్ళు చెప్పారు. పైవాళ్ళు ఒకరిద్దరు, అడగని నంబరు ఇవ్వకూడదని అన్నారట కూడా. ఊఁ అనేదిట, మళ్ళీ ఇచ్చేదిట.

తర్వాత కంప్యూటర్లు వచ్చాయి, మిషను గొంతు నంబరు చదవడం మొదలుపెట్టింది. ఇళ్ళలో ఫోన్లు పీకేసుకున్నారు. మొబైలు నంబర్లు ఏ పుస్తకంలోనూ ఎక్కవు. అప్ప రిటైరయ్యాక కూడా మనవాళ్ళు ఆమెకే ఫోన్ చేసేవారు. ఫలానా రావు ఎక్కడున్నాడు, ఆయన కూతురు నంబరేంటి అని. ఎవరడిగినా “ఏ ఊరు రావు? ఏ షెడ్డు? ఆళ్ళ ఆడోళ్ళు ఎవరింటి పిల్ల?” అని మూడూ తేలాకే ఇచ్చేది. మీలో చాలామంది ఆమె దగ్గర నంబరు తీసుకున్నవాళ్ళే.

ఇప్పుడు ఆ రోజుకి వస్తాను. నా మనవరాలు కాలేజీ మానేసి వచ్చి కూర్చుంది. “నానమ్మా, టెన్షన్ మత్ లో. నెట్‌లో దొరుకుతుంది” అని ఏదో టైపు చేసింది. ఖడగ్‌పూర్ డైరెక్టరీ అని ఒక నంబరు వచ్చింది. దానికి చేస్తే ఒకడు ఎంతో మర్యాదగా, ముందు మీ ఏటీఎం కార్డు మీది నంబరు చెప్పండి అన్నాడు. మనవరాలు పెట్టేసి, “ఠగ్ హై సాలా” అంది. నా చెమట ఆరడానికి చాలాసేపు పట్టింది. ఎంక్వైరీ అని పేరు పెట్టుకుని దొంగలు కూర్చుంటే, కంగారులో ఉన్న మనిషి ఎవరిని నమ్మాలి?

మా ఆయన చెప్పులేసుకుని తోర్వా వెళ్ళారు. అక్కడ ఖడగ్‌పూర్ వర్క్‌షాపు నుంచి బదిలీ మీద వచ్చిన పెద్దాయన ఒకరున్నారు. ఆయన దగ్గర ఒక ఎస్. రావు నంబరు దొరికింది. ఆ రావూ పోయాడట, భార్య ఉందట, కొడుకు దగ్గరట. అన్నీ సరిపోయాయి. అప్పటికే ఎండ గోడ దిగుతోంది.

“ఇలా ఇవ్వండి, నేను చేసి చెప్పేస్తాను. ఏక్ మినట్ కా కామ్ హై” అంది మనవరాలు.

“వద్దే” అన్నాను. కొడుకు పలికితే సరే, ఆవిడే పలికితే ఏదో వంకతో పక్కింటి మనిషిని పిలిపిద్దామని ఫోను నేను తీసుకున్నాను. చెడ్డ కబురుకి ఫోను ముట్టని మనిషిని, నేనే చేశాను.

మోగింది. ఒక ముసలి గొంతు పలికింది. “ఎవరు?”

“అమ్మా, నేను బిలాస్‌పూర్ నుంచి.”

అంతే. ఆవిడ అరిచేసింది. “ఏటయింది? అక్కడ మా తమ్ముడికేటయింది? సెప్పండమ్మా, ఏటయింది?”

నా చెవిలో ఆనాటి నా గొంతే వినిపించింది. కళ్ళు మూసుకున్నాను. “మీ తమ్ముడు బాగున్నాడమ్మా. మీవాళ్ళెవరికీ ఏమీ కాలేదు. కూర్చోండి. నేను తప్పు ఇంటికి చేశానేమో.”

“నిజవేనా? ఒట్టేనా?”

“ఒట్టమ్మా. మీ తమ్ముడు ఎవరో కూడా నాకు తెలియదు.”

ఆవిడ ఏడ్చి, తర్వాత తిట్టింది. “ఎవరమ్మా నువ్వు, పేనాలు తోడేసేవు! మంచినీళ్ళు తాగి వస్తానుండు.” తాగి వచ్చింది. నేను అడిగాను: మీది ఏ ఊరు, మీ ఆయన వర్క్‌షాపులో ఏ షాపు, మీ పుట్టిల్లు ఎక్కడ. ఆవిడ పుట్టిల్లు పార్వతీపురం. అప్ప చెల్లెలు కాదు. నేను సంగతి చెప్పాను, ఒక్కొక్క మాటగా, నెమ్మదిగా.

“ఓలమ్మో” అంది ఆవిడ. “బిలాస్‌పూర్ పిల్లా? గుండెజబ్బు మనిసా? మా ఎనక ఈదిలోనే. ఆళ్ళ కరెంటు బిల్లు మా ఇంటికొచ్చెస్తది, మాది ఆళ్ళింటికి. అదీ ఎస్. రావు ఇల్లే. నంబరిమ్మంటావా?”

ఇమ్మనాలని నోటిదాకా వచ్చింది. దీపాల వేళ అవుతోంది. “వద్దమ్మా. మీరు వెళ్ళి ఆమె పక్కన కూర్చోండి. ఊరికే వచ్చానని చెప్పండి. కొడుకు డ్యూటీ నుంచి వచ్చేదాకా ఏమీ చెప్పకండి. అక్క ఫోన్ రాలేదని కంగారుపడితే, మాటల్లో పెట్టండి.”

“నాకు మాత్రం బయ్యం నేదేటి?” అంది ఆవిడ. “సరే. ఎల్తన్నాను. పళ్ళెంలో ఏటైనా పట్టుకెల్తాను, నేకపోతే ఎందుకొచ్చేనంటాది.”

తర్వాత కాలం ఎలా గడిచిందో అడగకండి. మా ఆయన, “నువ్వు పద్దాకా అలా తిరగకే, నాకు కళ్ళు తిరుగుతన్నాయి” అన్నారు. నేను చేతులు కడుక్కుని, మళ్ళీ కడుక్కుని, ఖడగ్‌పూర్లో ఆ ఇద్దరూ ఎదురెదురుగా కూర్చున్నది ఊహించుకుంటూ ఉన్నాను. ఆ పార్వతీపురం ఆవిడ ఏం కబుర్లు చెబుతుందో. చెల్లెలు ఫోను చేతిలోకి తీసుకుందో లేదో. ఆవిడకి కబురు తట్టుకునే శక్తి ఉందో లేదో. నేనే ఏదైనా తప్పు చేశానేమో.

ఫోను మోగింది. తడిచేతులతోనే తీశాను. చెల్లెలే.

ఆవిడ ఏడవడం లేదు. వెనక కొడుకు గొంతు, పార్వతీపురం ఆవిడ గొంతు వినిపిస్తున్నాయి, కొడుకు వచ్చి చెప్పేశాడన్నమాట. బతికుంది. నేను మంచం మీద కూర్చున్నాను.

“వదినా” అంది. “మా అప్ప పొద్దున్న ఏటైనా తిన్నాదా?”

“టీ తాగింది. బిస్కట్టు ముంచుకుని తిన్నాది” అన్నాను. నిజమే చెప్పాను, నేనే ఇచ్చాను.

“అయితే కాళీ కడుపుతో ఎల్లలేదు” అంది. అప్పుడు ఏడ్చింది.

కొడుకు ఆ రాత్రి బండికే బయలుదేరి వచ్చి తలకొరివి పెట్టాడు. చెల్లెలిని డాక్టరు కదలనివ్వలేదు. ఆ రాత్రంతా పార్వతీపురం ఆవిడ చెల్లెలి దగ్గరే పడుకుందట. ఇప్పటికీ రోజూ వెళుతోందట. ఇన్నేళ్ళు వెనకవీధిలో ఉండి, బిల్లులు మార్చుకోవడం తప్ప ఒకరింట్లో ఒకరు కూర్చోలేదట వాళ్ళు.

ఇప్పుడు డాక్టరు ప్రయాణానికి ఒప్పుకున్నాడు. నెల మాసికానికి చెల్లెలు వస్తోంది. నాకు అప్పుడే భయం పట్టుకుంది. బండి ఎంతసేపు ఆగుతుందో, ఆవిడకి వంతెన మెట్లు పనికిరావు, మంచు రోజులు, బండి ఆలస్యమైతే మందుల వేళ తప్పుతుంది. చక్రాల కుర్చీకి మా ఆయన స్టేషన్లో చెప్పి వచ్చారు, విన్నది సరిగ్గా విన్నారో లేదో అని మనవరాల్ని మళ్ళీ పంపాను. ఒక చెయ్యి కొడుకు, ఒక చెయ్యి ఆ పార్వతీపురం ఆవిడ పట్టుకుని, చెల్లెల్ని నెమ్మదిగా పెట్టెలోంచి ప్లాట్‌ఫారం మీదకి దించుతారు. ఆవిడ ముఖం నేను పెళ్ళికూతురుగా చూసిందే. మీలో అప్పని ఎరిగినవాళ్ళు, ఒంట్లో బాగున్నవాళ్ళు, స్వెట్టర్లు వేసుకుని స్టేషనుకి రండి. కార్తీక పౌర్ణమి వెళ్ళాక వచ్చే గురువారం, పొద్దుటి బండికి.